ఇంటిపట్టున: ముసలి కంప్యూటర్‌కి మూడు కూతల వైద్యం

కిందటి వారం మాగాయ ముక్కలు ఎండబెట్టడం గురించి రాస్తానని మాటిచ్చాను. మాట తప్పినందుకు ఏమీ అనుకోకండి. ఈ రెండు వారాలూ మా ఇంట్లో పాత చీర మీద పరిచినవి మామిడి ముక్కలు కావు, కంప్యూటర్ ముక్కలు! ఆ సంగతే ఈ వారం చెప్పుకుందాం. మీలో చాలామంది ఇళ్ళల్లో, పిల్లలు చదువులకో ఉద్యోగాలకో వెళ్ళిపోయాక, ముసుగేసుకుని మూల కూర్చున్న పాత కంప్యూటర్ ఉండే ఉంటుంది. వాళ్ళ కోసం ఇది.

మాది 2014లో కొన్నది. అమ్మాయి ఎనిమిదో క్లాసులో ఉండగా ప్రాజెక్టు వర్కులకని మా వారు తెచ్చారు. 500 జీబీ హార్డ్ డిస్కు, 4 జీబీ ర్యామూ. అప్పట్లో వీధి మొత్తానికీ అదే గొప్ప. మొదట విండోస్ 7 ఉండేది, తర్వాత విండోస్ 10 వేయించాం. ఇప్పుడు అమ్మాయికి లాప్‌టాప్ ఉంది కనుక ఇది నా వాటాకి వచ్చింది. చీటీ లెక్కలు, పాలవాడి పద్దు, ఈ శీర్షిక రాయడం, అన్నీ దాని మీదే.

మరి దాని వేగం సంగతి చెప్పనా? పొద్దున్నే స్విచ్చి వేసి, బియ్యం కడిగి, కుక్కర్ పెట్టి, పప్పు పోపు వేసి, కుక్కర్ మూడు కూతలేశాక వచ్చి చూస్తే తెర మీద ఆ చిన్న గుండ్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. ఓరోజు గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. స్విచ్చి వేసిన దగ్గర్నుంచి, నేను నొక్కినది తెరుచుకునేదాకా పదకొండు నిమిషాలు. రాత్రి ఆపబోతే అదో తంతు. "ఈ ప్రోగ్రాము షట్‌డౌన్ కానివ్వడం లేదు" అని ఇంగ్లీషులో ఓ నీలం తెర వచ్చేది. ఒక్కోసారి "మెమరీ కుడ్ నాట్ బి రెడ్" అంటూ, సున్నాలూ ఎక్సులూ నిండిన అంకెలతో ఓ పెట్టె ఊడిపడేది. నాకు నిద్ర ముంచుకొచ్చేది. ఏం చేస్తాను, స్విచ్చి అయిదు సెకన్లు నొక్కి పట్టుకుని గొంతు నులిమేసేదాన్ని. ఆవిరి పోకుండానే కుక్కర్ మూత లాగేయడం లాంటిదే ఆ పని అని నాకు అప్పుడు తెలీదు.

"పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నారు మా వారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే అందులో మా అత్తయ్యగారి గొంతు ఉంది.

2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఎటూ కదల్లేక వంటింట్లోనే కూర్చునేవాళ్ళం. ఆవిడ పీట మీద కూర్చుని వంటల సంగతులు చెబుతుంటే నేను ఫోన్ పక్కన పెట్టి రికార్డు చేసేదాన్ని. మా ఇద్దరికీ ఎంతో బాగా పడేదని అబద్ధం చెప్పను. ఇరవై ఏళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డాం, మాటా మాటా వచ్చేది. అయినా ఆవిడ చేతి వంట ముందు నా వంట ఏపాటి? కొలతలు అడిగితే "చూసి వేయి" అనేవారు. ఆ చూపు ఏమిటో పట్టుకుందామనే నా తాపత్రయమంతా. మొత్తం నలభై ఒక్క రికార్డులు. 2022లో ఆవిడ వెళ్ళిపోయారు. ఆ ఫోన్ కూడా తర్వాత ఎక్స్చేంజిలో వెళ్ళిపోయింది. ఇక మిగిలిందల్లా కంప్యూటర్లో "అత్తయ్యగారు" అన్న ఫోల్డరు ఒక్కటే.

ఆటోలో పెట్టుకుని బజార్లో ఓ షాపుకి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు రెండు నిమిషాలు చూసి, "ఫార్మాట్ కొట్టేస్తే సరిపోద్దాంటీ, డేటా పోద్ది, పర్లేదుగా?" అన్నాడు. ఆ "పర్లేదుగా" విన్నాక నా కాళ్ళు అక్కడ నిలవలేదు. అదే ఆటోలో ఇంటికి తెచ్చేశాను.

మా ఆడపడుచు కొడుకు హైదరాబాదులో కంప్యూటర్ల పని చేస్తాడు. వాడికి ఫోన్ చేశాను. "అత్తా, మిగతావన్నీ తర్వాత. ముందు అమ్మమ్మ ఫోల్డరు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి" అన్నాడు. ఇక్కడే నేను తప్పు చేశాను, దాచుకోవడం ఎందుకు. ఇంట్లో పెన్ డ్రైవ్ లేదు. కొనుక్కోవాలి. ఈలోగా ఓ చెయ్యి వేద్దామని, ఆడవాళ్ళకి అలవాటైన పనే కదా, దుమ్ము దులపడంతో మొదలెట్టాను.

వైరు పీకేసి, పక్క రేకు విప్పి చూస్తే ఏముంది! వంటింటి గోడకి ఆనుకుని ఉండటం వల్ల నూనె ఆవిరీ దుమ్మూ కలిసి, ఫ్యాను రెక్కలకి జున్నుముక్కలా అంటుకుపోయి ఉంది. లోపల ప్రాసెసర్ అనే ముఖ్యమైన బిళ్ళకి వేడెక్కితే తనంతట తనే నెమ్మదించే గుణం ఉంటుందట, కాలిపోకుండా. మెత్తటి బ్రష్షుతో దులిపాను. మీరు చేస్తే తడిగుడ్డ మాత్రం వాడకండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని పెన్సిలుతో ఆపి పట్టుకోండి, గిర్రున తిరగనివ్వకూడదు. చెయ్యి పెట్టేముందు ఓసారి ఇనప రేకుని తాకండి. మన ఒంట్లో ఉండే చిన్నపాటి కరెంటు, అదే నైలాన్ చీర విప్పితే చిటపటలాడుతుందే అది, ఆ బిళ్ళలకి పడదు.

అక్కడే రూపాయి బిళ్ళంత బ్యాటరీ కనిపించింది. దాని మీద సిఆర్ 2032 అని ఉంటుంది, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు కూడా టైమూ తేదీ గుర్తుంచుకునేది అదే. రోజూ మొదలెట్టగానే నల్ల తెర మీద "ఎఫ్1 నొక్కండి" అని అడగడం, తేదీ ఎప్పటిదో చూపించడం, ఇంటర్నెట్ తెరిస్తే "ఈ సైటు భద్రం కాదు" అనడం, ఇవన్నీ ఆ బ్యాటరీ అయిపోయిన గుర్తులు. గడియారాల కొట్లో కూడా దొరుకుతుంది. యాభై రూపాయల్లోపు పని. దాంతో ఎఫ్1 గొడవ వదిలింది.

ఇక అసలు కథ. మేనల్లుడు ఫోన్లో చెబుతుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాను. టాస్క్ మేనేజర్ అని ఓ పెట్టె తెరుచుకుంది. చిన్నదిగా వస్తే అడుగున "మోర్ డీటెయిల్స్" నొక్కాలి. అందులో "స్టార్టప్" అనే వరసలో చూద్దును కదా, స్విచ్చి వేయగానే లేచి కూర్చునే ప్రోగ్రాములు పధ్నాలుగు! అమ్మాయి ఎప్పుడో ఆడిన ఆట, 2020లో ఆన్‌లైన్ క్లాసులకి వేసిన వీడియో కాల్ ప్రోగ్రాములు రెండు, పాటలదొకటి, ప్రింటర్ తాలూకు సహాయకుడొకడు. పెళ్ళింట్లో పొద్దున్నే అందరూ ఒక్కసారిగా కాఫీ అడిగితే పొయ్యి దగ్గర ఉన్నది ఒక్క మనిషే అయినట్టు, ఉన్న ఒక్క హార్డ్ డిస్కునీ అందరూ కలిసి పీక్కు తింటున్నారన్నమాట. అదే పెట్టెలో "డిస్క్" అన్న చోట 100 శాతం అని చూపిస్తూ ఉంది, నిమిషాల తరబడి.

అక్కర్లేని వాటి మీద కుడివైపు బటన్ నొక్కి "డిజేబుల్" చేశాను. దీనివల్ల ప్రోగ్రాము పోదు, మనం పిలిచినప్పుడు వస్తుంది, పిలవకుండా రాదు, అంతే. అయితే తెలియని పేరు కనిపించగానే తీసేయకండి. సౌండుకి సంబంధించినవీ, వైరస్ కాపలా ప్రోగ్రామూ ఉంచాలి. కాపలా అంటే గుర్తొచ్చింది. మా దాంట్లో ఇద్దరు కాపలావాళ్ళు ఉన్నారు. గడువు తీరిన ఓ పాత యాంటీవైరస్, ఎవరో ఉచితంగా వేసిపెట్టింది ఇంకొకటి. ప్రతి ఫైలునీ ఇద్దరూ తనిఖీ చేసేవారు. విండోస్ 10లో డిఫెండర్ అని సొంత కాపలా ఉండనే ఉంది, మనలాంటి వాళ్ళ వాడకానికి అది చాలు. మిగిలిన రెంటినీ సెట్టింగ్స్‌లో యాప్స్ లోకి వెళ్ళి తీసేశాను. పదకొండు నిమిషాలు కాస్తా ఆరు నిమిషాలకి దిగింది. కుక్కర్ ఒక కూత తగ్గింది!

ఇక ఆపేటప్పటి తగాదా. ఆ పెట్టెని చూడగానే కంగారుపడి "ఓకే" నొక్కేయడం మనందరి అలవాటు. ఈసారి నొక్కకండి, పెట్టె నెత్తిన ఏ పేరుందో కాగితం మీద రాసుకోండి. నాలుగు రోజులు రాశాను. నాలుగుసార్లూ అదే పేరు, ప్రింటర్ సహాయకుడిది. మేనల్లుడు చెప్పిందేమంటే, మనం షట్‌డౌన్ నొక్కగానే విండోస్ ఒక్కో ప్రోగ్రామునీ "ఇక సర్దుకో" అని అడుగుతుందట. కొన్ని సెకన్లలో జవాబివ్వని వాడి పేరు ఆ నీలం తెర మీద పెడుతుంది. మెమరీ అన్న పెట్టేమో, ఆ ప్రోగ్రాము తనది కాని చోట చెయ్యి పెట్టబోయి దొరికిపోవడం. ఎప్పుడూ ఒకే పేరు వస్తే తప్పు ఆ ప్రోగ్రాముది. రోజుకో పేరు వస్తే మాత్రం ర్యామ్ బిళ్ళని అనుమానించాలి. అప్పుడు వెతికే చోట "మెమరీ డయాగ్నొస్టిక్" అని కొడితే విండోసే పరీక్ష చేసి చెబుతుంది. ర్యామ్ బిళ్ళ తీసి, దాని బంగారు రంగు అంచుని పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి మళ్ళీ గట్టిగా బిగించడం పాత మెకానిక్కుల చిట్కా. నాకా అవసరం రాలేదు.

ఇంకో మంచి వస్తువు చూపించాడు. వెతికే చోట "రిలయబిలిటీ" అని కొడితే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" అని వస్తుంది. అచ్చం మనం పాలు రాని రోజున కేలెండర్లో గీటు పెడతామే, అలాగే కంప్యూటర్ తనకి ఒంట్లో బాగాలేని ప్రతి రోజునా ఎర్ర గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు నొక్కితే ఆ రోజు ఏం జరిగిందో ఉంటుంది. సగం రోజుల్లో "విండోస్ సరిగా షట్‌డౌన్ కాలేదు" అని ఉంది. అవి నేను గొంతు నులిమిన రాత్రులు. మిగిలిన సగం ఆ ప్రింటర్ ప్రోగ్రాముదే. దాన్ని తీసేసి, ప్రింటు రావడానికి కావలసిన డ్రైవర్ ఒక్కటే మళ్ళీ వేశాం. ఆ రాత్రి కంప్యూటర్ చడీచప్పుడూ లేకుండా ఆగింది. నేను నమ్మలేక కాసేపు అక్కడే నిలబడ్డాను.

మా వారికి ఓ సందేహం. "రోజూ ఆపుతూనే ఉన్నాంగా, నిన్నటి చిక్కు ఇవాళ కూడా ఎందుకు ఉంటుంది?" అని. మంచి ప్రశ్నే, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. విండోస్ 8 నుంచి "ఫాస్ట్ స్టార్టప్" అని ఒకటి పెట్టారు. షట్‌డౌన్ నొక్కితే కంప్యూటర్ పూర్తిగా కడుక్కుని పడుకోదు. తన లోపలి పని కొంత మడిచి డిస్కులో దాచుకుని, మర్నాడు అదే విప్పుకుంటుంది. రాత్రి అంట్లు సింకులో ఉంచి దీపం ఆర్పేసినట్టు. టాస్క్ మేనేజర్లో పెర్ఫార్మెన్స్ వరసలో సీపీయూ దగ్గర "అప్ టైమ్" అని ఉంటుంది చూడండి. రోజూ ఆపుతున్నా మాది ఇరవై రోజుల పైన చూపించింది! "రీస్టార్ట్" నొక్కితే మాత్రం నిజంగానే అంతా కడుగుతుంది. అందుకని చిక్కొచ్చినప్పుడు షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయాలి. ఆపడంలో తరచూ పేచీ వస్తుంటే కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే చోట ఆ ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయొచ్చు. టిక్కు దగ్గర అక్షరాలు మసగ్గా ఉంటే, పైన "చేంజ్ సెట్టింగ్స్" అన్న నీలం వరస నొక్కాక వెలుగుతాయి.

ఇంతవరకూ నా విజయగాథ. వారం గడిచింది. పెన్ డ్రైవ్ కొనడం మాత్రం రేపూ ఎల్లుండీ అంటూ వెనక్కి పోయింది. ఎనిమిదో రోజు పొద్దున, ఇంట్లో ఎవరూ లేని నిశ్శబ్దంలో, పెట్టెలోంచి టక్... టక్... టక్ అని శబ్దం. బల్లి అనుకున్నాను. కాదు. ఆగి ఆగి, లెక్కగా. ఫోన్లో వినిపించాను. మేనల్లుడి గొంతు మారిపోయింది. "అత్తా, కాపీ చేశావా లేదా?"

హార్డ్ డిస్కు అంటే లోపల అద్దంలా తళతళలాడే పళ్ళెం గిరగిర తిరుగుతూ ఉంటుంది, దాని మీద వెంట్రుక కంటే తక్కువ ఎత్తులో ఓ సూది లాంటిది అటూ ఇటూ పరిగెడుతుంది. ఏళ్ళ తరబడి పనిచేసి పళ్ళెం మీద కొన్ని చోట్ల చదవడానికి రాకుండా పోతే, సూది అక్కడికే మళ్ళీ మళ్ళీ వెళ్ళి వెతుక్కుంటుంది. ఆ శబ్దం అదే. నేను పదే పదే స్విచ్చి నొక్కి ఆపడం దానికి మేలు చేయలేదు. ఫార్మాట్ కొట్టినా ఆ చోట్లు బాగుపడవు. "చెక్ డిస్క్" పెడదామా అని నేనడిగితే, "ముందే వద్దు, చచ్చీ చెడీ నడుస్తున్న డిస్కుని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పరిగెత్తించినట్టు అవుతుంది. ముందు కావలసింది బయటికి తెచ్చుకో" అన్నాడు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాము డిస్కు ఆరోగ్యం చూపిస్తుంది. ఆ తర్వాత అందులో చూస్తే మాది పసుపు రంగులో "కాషన్" అని ఉంది. నీలం రంగులో "గుడ్" ఉండాలి. ఇది మొదటి రోజే చూసుకోవాల్సింది.

చెప్పులేసుకుని పరిగెత్తి పెన్ డ్రైవ్ తెచ్చాను. కాపీ పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఒక్కోటీ వెళ్తుంటే పేర్లు కనిపిస్తున్నాయి. నువ్వుల పచ్చడి, కంద బచ్చలి, తొక్కుడు లడ్డు, మెంతి ఆవకాయ... ఒకచోట ఆగిపోయింది. పచ్చ గీత కదలదు. టక్ టక్. పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు. చివరికి "ఈ ఫైలు చదవడానికి రావడం లేదు" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు పెట్టె వచ్చింది. "స్కిప్" నొక్కితే మిగతావి వెళ్ళాయి. నలభై ఒక్కదాన్లో నలభై దక్కాయి. పోయినది పనసపొట్టు కూర.

డిస్కు చల్లారాక మర్నాడు ఇంకోసారి ప్రయత్నించాం, రాలేదు. డిస్కు విప్పి తీసే పెద్ద షాపులు ఉన్నాయట, కానీ వేలల్లో ఖర్చు, వస్తుందన్న నమ్మకం లేదు. మా వారు ఏమీ అనలేదు. అది ఆయన అమ్మ గొంతు. ఏమైనా అని ఉంటేనే బాగుండేది. చెప్పిన రోజే కాపీ చేసుకుని ఉంటే ఆ ఒక్కటీ కూడా దక్కేదేమో అన్నది నాలో ఉండిపోయింది. మీరు మాత్రం ఈ పుస్తకం పక్కన పెట్టగానే దుమ్ము జోలికి పోకుండా ముందు ఫోటోలూ, గొంతులూ, కాగితాలూ రెండు చోట్ల కాపీ పెట్టుకోండి. పెన్ డ్రైవ్ ఒకటి, ఇంకో డిస్కో ఆన్‌లైనో ఒకటి. కంప్యూటర్ బాగా నడుస్తున్నా సరే.

పండక్కి మేనల్లుడు వచ్చినప్పుడు పాత డిస్కు తీసేసి ఎస్సెస్డీ వేశాడు. అందులో తిరిగే పళ్ళెం ఉండదు, అరచేతిలో పట్టే పలచని పెట్టె. పాత డెస్క్‌టాపుల్లో ఉండే సాటా వైరుకే సరిపోతుంది. మాది 256 జీబీది. దాంతోపాటు ఇంకో 4 జీబీ ర్యామ్ వేశాడు. బిళ్ళ మీద డీడీఆర్3 అని ఉందో డీడీఆర్4 అని ఉందో చూసి అదే కొనాలి, ఒకదాన్లో ఒకటి పట్టదు. ఇప్పుడు స్విచ్చి వేశాక నలభై సెకన్లు. కుక్కర్‌కి వెయిట్ పెట్టేలోపు లేచి కూర్చుంటోంది. కొత్త కంప్యూటర్ ధరలో పదో వంతు కూడా కాలేదు.

ఒకటే లోటు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆపేశారు. విండోస్ 11 మా ముసలిదానికి పట్టదు, దానికి టీపీఎమ్ 2.0 అనే భద్రత బిళ్ళా, కొత్త రకం ప్రాసెసరూ కావాలి. అందుకని బ్యాంకు పనులు దీని మీద చేయడం మానేశాం. రాతకోతలకీ, పాటలకీ ఉంచుకున్నాం. లినక్స్ మింట్ అని ఉచితంగా దొరుకుతుంది, పాత వాటి మీద తేలిగ్గా నడుస్తుంది, అది వేస్తానంటున్నాడు మేనల్లుడు. వేశాక చెబుతాను.

పాత డిస్కు పారేయలేదు. మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో అత్తయ్యగారి గద్వాల చీర పక్కన పెట్టాను.

అన్నట్టు, కోనసీమ వాళ్ళెవరైనా ఈ శీర్షిక చదువుతుంటే ఒక ఉపకారం చేయండి. పనసపొట్టు ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, గట్టిగా పిండి, చింతపండు పులుసుతో పోపులో వేయించి, దించాక ఆవ పెట్టడం నాకూ వచ్చు. కానీ ఆ ఆవ నూరేటప్పుడు మా అత్తయ్యగారు ఇంకేదో కలిపేవారు. ఘాటు ముక్కుకి ఎక్కేది కానీ చేదు ఉండేది కాదు. నానబెట్టిన బియ్యమా, పచ్చికొబ్బరా, ఎన్నిసార్లు చేసినా కుదరడం లేదు. మీ ఇంట్లో ఎలా చేస్తారో రాయండి. మాగాయ సంగతి వచ్చే వారం.